పడవకు నాలుగు చిల్లులు

పడవ అమ్ముతూ హోబర్ట్ చెల్లెలు ఒకే మాట అంది:
"మా అన్న దీన్ని ఒక్కసారీ తిట్టలేదు.
మమ్మల్నందర్నీ తిట్టాడు."

పద్నాలుగడుగుల అల్యూమినియం.
అడుగున చొట్టలు, సీటు కింద
ఎండి అంటుకుపోయిన క్రాపీ చేపల పొలుసులు,
గోటితో గీకితే గానీ రానివి.
బెంటన్‌లో మా గరాజ్ దానికి మూడంగుళాలు చాల్లేదు.
తోక నీడలో, ముక్కు వానలో.

మోటారు అట్టపెట్టెలో వచ్చింది.
యాభై ఐదు పౌండ్ల లాగుడు అని పెట్టె మీద ఉంది.
వెనకనుంచి నెట్టేది కాదు,
ముక్కు మీద కూచుని ముందుకు లాగేది.
బండికి ఎద్దును ఎటు కడతారో తెలిసినవాడికి
ఇందులో వింతేముంది?

వింత వేరే ఉంది.
మునగకూడని దానికి
నా చేతులతో నేనే చిల్లు పెట్టాలి.
ఒకటి కాదు, నాలుగు.

కాయితం పరిచి, పెన్సిలుతో చుక్కలు పెట్టి,
డ్రిల్లు ఆనించబోతూ
ముక్కు పలక కిందికి టార్చి కొట్టి చూశాను.
లోగోడ మీద, నల్ల మార్కరుతో, హోబర్ట్:
"మళ్ళీ కొలువు, గాడిదా."

తనని తానే తిట్టుకున్నాడో
నాకోసం వదిలి వెళ్ళాడో.
మళ్ళీ కొలిచాను.
అంగుళంన్నర తేడా.
అలాగే బిగించేసి ఉంటే
పడుకోబెట్టినప్పుడల్లా మోటారు మెడ
ముక్కు దీపాన్ని తన్నేది.

డ్రిల్లు దిగుతుంటే వెండి తురుము లేచింది,
కొబ్బరి తురుములా, కానీ కాలుతూ.
ఒక పలుకు మణికట్టుకి అతుక్కుంది.
మొదటి చిల్లులోంచి సన్నని వెలుతురు
పడవ కడుపులోకి దిగి
సరిగ్గా "గాడిద" మీద పడింది.

బోల్టు పైనుంచి. నట్టు కిందినుంచి.
ఆ సందులో నా చెయ్యి పట్టదు.
పదకొండు రోజులుగా మా ఇంట్లో
ఉప్పు, తాళాలు, చెత్తబండి తప్ప
మాటల్లేవు.
ఎవరూ పిలవకుండానే మంజీర వచ్చింది.
గాజులు తీసి వాషింగ్ మెషిన్ మీద పెట్టి
పలక కిందికి చెయ్యి దూర్చింది.

పట్టుకున్నావా?
పట్టుకున్నా.
తిప్పనా?
ఆగు, జారింది. ఆ, ఇప్పుడు తిప్పు.

మధ్యన రేకు. ఇటు నా స్పానర్, అటు ఆమె వేళ్ళు.
ఒకరు కదలకుండా పట్టుకుంటేనే
రెండోవారు తిప్పింది బిగుస్తుందని
నట్టు ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు.
నాలుగోదానికి ఆమే అంది,
"ఇంక చాలు, తెగుతుంది."

బ్యాటరీని తోక వైపు జరిపాం.
అక్కణ్ణుంచి ముక్కు దాకా లావుపాటి తీగలు,
మధ్యలో అరవై యాంపుల బ్రేకరు.
ఎర్రది ఎరుపుకి, నల్లది నలుపుకి
అనుకున్నాను.

ఆదివారం తెల్లవారుజామున కెంటకీ లేక్.
పొగమంచు నీళ్ళనింకా వదల్లేదు.
పెడల్ నొక్కాను.
పడవ వెనక్కి పోయింది.
గట్టు మీద ఒక ముసలాయన
కాఫీ కప్పు ఎత్తి సెల్యూట్ కొట్టాడు.
మంజీర నవ్వింది.
నీళ్ళ మీద నవ్వు చాలా దూరం పోతుంది.

తీగలు మార్చి మళ్ళీ నొక్కాను.
చప్పుడు లేదు.
ఒంటికాలి కొంగ తల కూడా తిప్పలేదు.
పెట్రోలు ఇంజనైతే
చెప్పింది వినపడలేదని తప్పించుకోవచ్చు.
దీని వెనక దాక్కోడానికి ఏమీ లేదు.

గాలం వెయ్యకముందే, నీళ్ళ వంక చూస్తూ,
"నీ ఉద్యోగం పోయిన సంగతి
నాకు మొదటి శుక్రవారమే తెలుసు" అంది.
"లంచ్ డబ్బా మూతకి ఎండిన పొలుసు అంటుకుని వచ్చింది.
టైర్ల ఫ్యాక్టరీలో చేపలెక్కడివి?"

నేను బెల్లం కొట్టిన రాయిని.
పెడల్ మీంచి పాదం తీశాను.
పడవ వెంటనే ఆగలేదు,
తెచ్చుకున్న వేగంతోనే
ఇంకొంత దూరం పోయింది.

పదకొండు రోజులూ వంట చేసింది మరి, తెలిసే.
డబ్బా కట్టి ఇచ్చింది, తెలిసే.

"ఇదిగో" అంటూ కొక్కెం నా అరచేతిలో పెట్టింది.
"దీనికి ముడి ఎలా వేస్తారు?"

నాకూ తెలీదు.
హోబర్ట్ అది ఎక్కడా రాయలేదు.